స్లాబు మీద తాటికమ్మల బార్

గోవా మేము ఒక్కసారే చూశాం. తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో కార్మికులంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నారు. ఆడవాళ్లను కూడా తీసుకురావచ్చన్నారు. మా ఆవిడ అప్పటిదాకా సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు. మేళ్లచెరువులో ఉద్యోగం దొరికేదాకా తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో నాయిన వెంట గొర్రెలు కాసినవాణ్ని. నాకు తెలిసిన పెద్ద నీళ్లంటే వానాకాలం మత్తడి దూకే చెరువే.

సముద్రం ఒడ్డున ఇసుకలో ఒక పందిరి ఉంది. వెదురు బొంగుల స్తంభాలు, పైన ఎండిన ఆకుల కప్పు, ముందర గుడ్లురిమి చూసే చెక్క మొహాలు. టికీ బార్ అని బోర్డు. మా ఆవిడ దాని ముందు ఆగిపోయింది.

"గిది మన గౌండ్లోళ్ల కల్లు మండువ లెక్కనే ఉన్నదయ్యా," అంది.

లోపలికి పోదామంటే మొదట ఒప్పుకోలేదు. తాగేవాళ్ల జాగా మనకెందుకంది. లోపలి మనిషి నవ్వి, పండ్ల రసాలు కూడా ఉన్నాయి రమ్మని హిందీలో పిలిచాడు. ఎక్కడో నడిసముద్రంలో దీవులున్నాయట. అక్కడి వాళ్లు తమ దేవుళ్లను చెక్కలో ఇలా చెక్కుకుంటారట. ఆ మొహాలు చూసి ముచ్చటపడ్డ వేరే దేశాలవాళ్లు వాటిని తెచ్చి బార్లలో పెట్టుకున్నారట. ఇదంతా చెప్తూనే అతను అనాస రసంలో కొబ్బరిపాలు పోసి, ఐసు వేసి, మొహం ఆకారంలో ఉన్న మట్టిగ్లాసులో ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు తాగింది. ఒక గుక్క తాగడం, సముద్రం చూడడం, మళ్లీ ఒక గుక్క. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె అంత తీరిగ్గా కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి.

పిల్లలు లేని ఇల్లు మాది. మా అమ్మ, మేమిద్దరం. మా ఆవిడ నోరు తెరిచి నాకిది కావాలని అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గోవా నుంచి వచ్చిన నాలుగేళ్లకు ఆమె కాళ్లు వాచాయి. మొదట పొలం పనుల వల్ల అనుకున్నాం. తర్వాత మొహం వాచింది. కోదాడ దవాఖానలో పరీక్షలు చేసి రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడు రోజులు రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఒక రోజుకు తాగే నీళ్లు, చారు, మజ్జిగ, చాయ, అన్నీ కలిపి ముప్పావు లీటరు దాటకూడదు. కొబ్బరినీళ్లు ముట్టనే కూడదు. పండ్లలో కూడా చాలావాటిని అక్కడి నర్సు జాబితాలోంచి కొట్టేసి, ఏవో రెండు మూడు మిగిల్చింది. వాటిలో అనాస ఉంది, అదీ రెండు ముక్కలే.

సున్నపురాయి నేల మాది. ఎండాకాలం గాలిలోనే దుమ్ము ఉంటుంది, మాట్లాడితే నోరెండుతుంది. ఆమె ఒక సీసా మీద గీతలు గీసుకుని, గీత గీతకూ గంటలు పంచుకునేది. ఏనాడూ ఏడవలేదు. కానీ ఎవరైనా ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగితే, వాళ్ల గొంతు కిందికీ పైకీ కదలడాన్ని చూస్తూ ఉండిపోయేది.

ఒక సాయంత్రం స్లాబు మీద మిరపకాయలు ఎత్తుతూ అడిగింది.

"గీడ గట్లాంటిది కడుదామా?"

"ఎట్లాంటిది?"

"గోవల చూసినం జూడు. మొహాలు ఉంటయి."

"నిన్ను తాగొద్దంటిరి గదనే," అన్నాను.

"నేను తాగనీకి గాదు," అంది. "తాపనీకి."

ఆ మాట రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. మూడోరోజు డ్యూటీ దిగి నేరుగా వెదురు బొంగుల కోసం పోయాను.

స్లాబుకు గుంతలు తవ్వలేం. నాలుగు పాత పెయింట్ డబ్బాలు తెచ్చి, ఒక్కొక్కదాంట్లో ఒక బొంగు నిలబెట్టి చుట్టూ సిమెంటు పోశాను. ఆ పని నాకు కొట్టిన పిండి. సిమెంటు గట్టిపడాలంటే వారంపాటు నీళ్లు పెట్టాలి. నేను పెడతానన్నా ఆమె వినలేదు. పొద్దునా సాయంత్రం చెంబుతో ఆ నాలుగు డబ్బాల్లో నీళ్లు పోసేది. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోయేవి.

"సిమెంటు చూడు ఎట్ల తాగుతాందో," అని నవ్వింది ఒకరోజు. "దీనికి అడ్డం చెప్పేటోళ్లే లేరు."

నేను నవ్వలేకపోయాను.

కప్పు వేయడానికి మా వాడకట్టులో ఉండే గీత కార్మికుణ్ని పిలిచాను. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. తాటికమ్మలు తనే కొట్టుకొచ్చి, తనే కప్పాడు. కప్పుతూ పైనుంచి అడిగాడు.

"గిది ఏం షెడ్డే అన్నా? కోళ్లకా?"

"బార్ రా," అన్నాను.

అతను తాడు వదిలేసి కిందికి చూశాడు. "నా కల్లుకే పోటీ పెడుతున్నవా?"

ఆమె కింద నుంచి గట్టిగా నవ్వింది. సంగతంతా అతనికి చెప్పాం. మర్నాడు పొద్దున్నే అతను చిన్న లొట్లు ఒక డజను తెచ్చి, కడిగి ఎండబెట్టినవే అని చెప్పి, మెట్ల మీద పెట్టి వెళ్లాడు. కల్లు దింపే ఆ మట్టికుండలే మా గ్లాసులయ్యాయి. పెద్దవి రెండు నేనడిగి తెచ్చుకున్నాను. వాటికి చిల్లులు పెట్టి లోపల బల్బులు వేలాడదీస్తే, సందెవేళ కప్పు కింద వెలుతురు చుక్కలు చుక్కలుగా పడేది.

కౌంటర్ కోసం మా ఊళ్లో తీసేసిన పాత తలుపు తెచ్చి అడ్డంగా పరిచాను. దాని ముందుభాగానికి ఈతచాపలు కట్టాం. కూర్చోవడానికి తాటిమొద్దు ముక్కలు. సిమెంటు డబ్బాలు వికారంగా కనిపిస్తున్నాయని ఆమె వాటికి ఎర్రమట్టి జాజు పూసి, సున్నంతో ముగ్గులు పెట్టింది. మా ఇంటి గడపకు పెట్టే ముగ్గులే.

ఇక మిగిలింది చెక్క మొహం. చెక్కపని చేసే వడ్లాయన దగ్గరికి ఇద్దరం పోయాం. పెద్దమనిషి. గ్రామదేవతల గుళ్ల ముందు నిలబెట్టే పోతరాజులను చెక్కడంలో చుట్టుపక్కల ఆయనకు పేరు. ఫోనులో బొమ్మ చూపిస్తే కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"గిదేం దేవుడు బిడ్డా?"

"ఏదో సముద్రం దేవుడు, తాతా."

"నాకు ఎరుకలేని దేవునికి నేను కండ్లు ఎట్ల పెడుత? మనోణ్నే చెక్కుత. గుడ్లురుముడు గావాలె, గంతే గదా?"

పదిహేను రోజుల తర్వాత వచ్చింది చూస్తే అచ్చం పోతరాజే. మెలితిరిగిన మీసాలు, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు. నోరు మాత్రం, మేం చూపించిన బొమ్మలాగా, ఇంత వెడల్పు తెరిచి చెక్కాడు. మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. ఇంట్లో బారేందని వారం నుంచి నాతో మాట్లాడని మా అమ్మ, ఆ మొహం చూడగానే పసుపు తెచ్చి పూసి బొట్టు పెట్టింది.

"దేవుడు గూసున్నడు. ఇగ గీడ సారా, బ్రాందీ ముట్టిన్రంటే కాళ్లిరగ్గొడుత," అని అందరికీ వినబడేలా చెప్పి దిగిపోయింది.

డయాలసిస్ లేని ఆదివారాలు మా ఆవిడ కౌంటర్ వెనక నిలబడేది. వాడకట్టు ఆడవాళ్లు, నాతో పనిచేసేవాళ్లు, ఎవరొస్తే వాళ్లకు అనాస, నిమ్మ, పుదీనా, బెల్లం కలిపి ఏవేవో చేసి పోసేది. తనకు రుచి చూసే వీల్లేదు. వాసన చూసి, వాళ్ల మొహాలు చూసి, ఉప్పు తక్కువైందో పులుపు ఎక్కువైందో చెప్పేది. ఎప్పుడూ తప్పేది కాదు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒకరోజు కోదాడ నుంచి వస్తూ బస్సులో అంది. "నాతోని బెడ్ల మీద పండేటోళ్లను పిలుస్త."

ఆదివారం ముగ్గురు వచ్చారు. రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన, బట్టలు కుట్టే ఒకావిడ, గొర్రెలు కాసే ఒక తాత. ముగ్గురికీ ఆమెలాగే నీళ్లు కొలతే. నేను భయపడ్డాను, దాహంతో ఉన్నవాళ్లను తెచ్చి బార్లో కూర్చోబెట్టడమేందని. ఆమె మాత్రం రాత్రే అనాస రసాన్ని చిన్నచిన్న ఐసుగడ్డలుగా కట్టించి పెట్టుకుంది. మనిషికి రెండు. అవి కూడా వాళ్ల కొలతలోనే లెక్క అని ముందే చెప్పింది.

లొట్లలో ఐసుగడ్డలు వేసి ముందు పెట్టి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి అడిగింది. "ఇగ చెప్పున్రి. ఏం తాగుతరు? ఏదడిగితే గదే పోస్త."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. కుట్టుపని ఆవిడకు ముందుగా తెలిసింది.

"చాయ. అల్లం దంచి వేసింది. నిండ గిలాసతోని," అంది.

"మీగడ ఉండాల్నా వద్దా?"

"ఉండాలె."

"పోసిన. ఊదుకుంట తాగు."

కండక్టర్ సారు కల్వకుర్తి బస్టాండులో తాగిన నిమ్మసోడా అడిగాడు. శ్రీశైలం బస్సు తిప్పిన రోజుల్లో, ఎండలో దిగి, టికెట్ల సంచీ చంకలో పెట్టుకుని తాగేవాడట. గోళీ లోపలికి పడ్డ చప్పుడు నోటితోనే చేసి చూపించాడు. అందరూ నవ్వారు.

తాత బుగ్గలో ఐసుగడ్డ కరుగుతూ ఉంది.

"చెలిమె నీళ్లు," అన్నాడు చివరికి. "ఎండకాలం వాగుల ఇసుక తోడితే నీళ్లు ఊరుతయి గదా. జీవాలను తాపినంక నేను బోర్ల పండి మూతి వెట్టి తాగేటోన్ని. పండ్లు జివ్వుమంటయి. కడుపు నిండినంక గూడ తాగేటోన్ని, బిడ్డా."

నాకు ఆ నీళ్లు తెలుసు. నేనూ అలాగే తాగాను. ఆమె కౌంటర్ వెనక నుంచి వచ్చి ఆయన ముందు లొట్టి సరిచేసి, "తాగు తాతా. నిండ ఉన్నది. ఎవ్వరూ వద్దనరు," అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పొద్దుగూకేదాకా వాళ్లు అలా ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నారు. అంబలి, మామిడిపండ్ల రసం, తాటిముంజల్లో నీళ్లు, పెళ్లిలో తాగిన రస్నా. ఏడిచినవాళ్లు లేరు. వెళ్లేటప్పుడు కండక్టర్ సారు, వచ్చే ఆదివారం బస్సు ఎన్నింటికో చూసుకుంటానని చెప్పి మెట్లు దిగాడు.

వాళ్లను ఆటో ఎక్కించి నేను పైకి వచ్చేసరికి, ఆమె లొట్టి నిండా చల్లని నీళ్లు పోసుకుని చెంపకు ఆనించుకుని ఉంది. బయటివైపంతా చెమ్మ పట్టింది. నన్ను చూసి కూడా దించలేదు. ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. నాకు ఏమైందో తెలియదు.

"ఒక్క గుక్క తాగవే," అన్నాను. "ఒక్క గుక్కకు ఏం గాదు."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు.

"నువ్వు గట్ల అనకు," అంది మెల్లగా. "నువ్వే గట్లంటే నేను ఎట్ల ఆగుత?"

లొట్టి నా చేతికిచ్చింది. నేను ఆ నీళ్లు ఏం చేయాలో తెలియక అలా పట్టుకునే నిలబడ్డాను. ఆమె చాప దులిపి, కౌంటర్ తుడిచి, కిందికి వెళ్లిపోయింది. ఆమె కోసమే అన్నాననుకున్న మాట, ఆమె దాహాన్ని చూడలేక, నా కోసం అన్నానని అప్పుడు అర్థమైంది.

ఆ బార్ రెండున్నరేళ్లు నడిచింది. తాత రావడం మానేశాడు. తర్వాత ఆయన లేడని కబురొచ్చింది. ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చారు. ఒక వానాకాలం పొద్దున, కోదాడ బయల్దేరడానికి చీర కట్టుకుంటూ ఆయాసంగా ఉందని మంచమ్మీద కూర్చుంది. ఆటో తెచ్చేలోపే గుండె ఆగిపోయింది. మా అమ్మ ఒడిలో తల ఉంది. చివరి మాటలంటూ ఏమీ లేవు. వంటింట్లో గ్యాసు కట్టేశావా అని అంతకుముందు నన్ను అడిగింది, అంతే.

ఆ తర్వాత నేను పైకి వెళ్లలేదు. ఎండాకాలం గాలిదుమారానికి కమ్మలు లేచిపోయి వీధిలో పడ్డాయి. గీత కార్మికుడు వాటిని ఏరి ఒక పక్కన పేర్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మల్ల కప్పుదామా అన్నా?"

"ఎవరికి రా?" అన్నాను.

అతను వెళ్లిపోయాడు. నెలరోజులకు కండక్టర్ సారు ఫోన్ చేశాడు. దవాఖానలో కొత్తగా ఒక పిల్ల చేరిందట, ఇరవై రెండేళ్లది, ఎవరితోనూ మాట్లాడదట. ఆదివారం తీసుకురమ్మంటావా అని అడిగాడు. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, కమ్మలు కొట్టమని చెప్పడానికి నేనే గీత కార్మికుడి ఇంటికి నడిచాను.

ఆదివారం వాళ్లు వచ్చారు. కొత్త కమ్మల పచ్చివాసన కప్పు నిండా ఉంది. ఐసుగడ్డలు నేనే కట్టాను, కొన్ని సరిగ్గా గట్టిపడలేదు. ఆ పిల్ల తలొంచుకుని కూర్చుంది. కౌంటర్ వెనక్కి పోయి నిలబడదామనుకున్నాను. రెండడుగులు వేసి ఆగిపోయాను. వచ్చి ఆ పిల్ల పక్కన మొద్దు మీద కూర్చుని, ఏం తాగుతవ్ బిడ్డా అని అడిగాను.

ముందున్న లొట్టిని దగ్గరికి జరుపుకుని, మజ్జిగ, అంది.