కళ్ళద్దాల డబ్బా

వరంగల్‌లో మా బడికి ఒక అమ్మాయి నెక్కొండ నుంచి రైల్లో వచ్చేది. పదో తరగతిలో నా పక్క బెంచీ. ఆమెకు ఫిట్స్ వచ్చేవి. ఆ క్రమం ఎప్పుడూ ఒకటే: అద్దాలు తీయడం, మడవడం, డబ్బాలో పెట్టి మూత వేయడం, ఆ తర్వాతే పడిపోయి కొట్టుకోవడం. అద్దాలు లేకపోతే ఆమెకు బోర్డు కనిపించదు.

దవాఖానలో పరీక్షలన్నీ చేశారు. ఇది మూర్ఛ కాదు, అలాగని నటనా కాదు, ఆమె చేతిలో లేనిది అని డాక్టరు చెప్పాడట. బడిలో మాత్రం ‘మూర్ఛ కాదు’ అన్న మాటే నిలిచింది.

"నిజంగ ఫిట్స్ వచ్చేటోళ్ళు అద్దాలు దాచుకుంటరా బిడ్డా? ఇంకోసారి డ్రామా చేస్తే టీసీ ఇచ్చి పంపిస్త," అన్నారు లెక్కల సారు.

"హీరోయిన్ గదా సార్," అని వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆమె తల దించుకుంది.

తర్వాతి వారం, ఆయన పీరియడ్‌లోనే, ఆమె చెయ్యి అద్దాల దాకా వెళ్ళి ఆగింది. మెల్లగా కిందికి దిగింది. అద్దాలతోనే పడిపోయింది.

కనుబొమ్మ చీరుకుపోయింది. సారే ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని కర్చీఫ్ అదిమిపట్టారు. తెలివి వచ్చాక ఆమె పగిలిన ముక్కల వైపు చూడలేదు.

"సార్, ఈసారి తీయలే," అంది. "టీసీ ఇయ్యకుండ్రి."