జవాబు రాకపోతే సున్నా

2022 వానాకాలం. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో మందుల దుకాణం నడిపే గోపాల్ సేఠ్‌కి నేను సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ఆయన గోదాము మాదన్నపేటలో ఉంది. కౌంటర్‌లో మందు పేరు కొడితే, గోదాము కంప్యూటర్‌ని అడిగి ఎన్ని ఉన్నాయో స్క్రీన్ మీద చూపాలి. ఆ అడగడాన్ని మా ప్రోగ్రామర్లం రిక్వెస్ట్ అంటాం. ప్రతిచోటా అదే కోడ్ మళ్లీ రాయకుండా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక హెల్పర్ ఫంక్షన్, అంటే ఎక్కడైనా పిలిచి వాడుకునే చిన్న కోడ్ ముక్క, రాసుకున్నాను. అడగడం, జవాబు తెచ్చిపెట్టడం అంతా దాని పనే.

వాన పడితే గోదాములో నెట్ పోయేది. జవాబు రాలేదని స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాల్లో ఎర్రర్లు వచ్చేవి. సేఠ్ ఫోన్ చేసి విసుక్కునేవాడు. "ఏంది భాయ్ గిది, గిరాకీ ముంగట ఇజ్జత్ పోతుంది" అన్నాడొకసారి. నాకూ విసుగొచ్చి, జవాబు రాకపోతే సున్నా ఇచ్చేయమని ఆ ఫంక్షన్‌లో ఒక వరుస చేర్చాను. ఎర్ర అక్షరాలు పోయాయి. ఇప్పుడు మస్తు సాఫ్‌గా నడుస్తుందని సేఠ్ చాయ్ తాగించాడు. తాగాను.

కొన్నాళ్లకి యాకుత్‌పురా నుంచి యాదగిరి అనే రిటైరైన రైల్వే కార్మికుడు భార్యకు ఫిట్స్ మాత్రల కోసం వచ్చాడు. ఇంట్లో చివరి మాత్ర అయిపోయింది. స్క్రీన్ సున్నా చూపింది. కౌంటర్‌లో లేవన్నారు. వానలో ఇంకా కొన్ని దుకాణాలు తిరిగి, ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాడు. తెల్లారి ఆమెకు ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడింది. చెయ్యి కాలింది.

సంగతి తెలిసి సేఠ్ గోదాములో చూస్తే ఆ మాత్రల డబ్బాలు అలమారాలోనే ఉన్నాయి. నాకు ఫోన్ చేశాడు. నెట్ పోయింది సేఠ్ అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ సున్నా నెట్ రాసింది కాదు, నేను రాసింది. ఆ మాట చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

చెప్పాక ఆయన లొల్లి చేయలేదు. "నాకెందుకు చెప్తున్నవ్? పోయి ఆయనకు చెప్పు" అన్నాడు.

వెళ్లాను. యాదగిరి భార్య చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. నాకు కుర్చీ వేయమని భర్తకు చెప్పింది. నేను వివరించిన దాంట్లో ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. అంతా విన్నాడు.

"లేవన్నరు, నమ్మి పోయిన బిడ్డా. తెల్వదంటే ఆడ్నే నిలబడుతుంటి. గోదాం దాంక నడుసుకుంట పోతుంటి."

ఇంటికొచ్చి ఆ వరుస తీసేశాను. ఇప్పుడు జవాబు రాకపోతే, 'తెలియదు, గోదాముకి ఫోన్ చేయండి' అని ఎర్ర అక్షరాల్లోనే వస్తుంది. అది రాయడానికీ ఒక్క వరుసే పట్టింది.