ఎల్లారెడ్డి క్యాసెట్లో రామారెడ్డి పెళ్లికొడుకు

ఆ రోజుల్లో, అంటే పెళ్లి వీడియో చూడటానికి వాడంతా ఒకే ఇంట్లో చేరే తొంభైల చివర్లో, నాకు నా తెలివి మీద తప్ప లోకంలో అన్నిటి మీదా అనుమానమే. కామారెడ్డిలో మా బావకు (అక్క మొగుడు) వీడియో స్టూడియో ఉండేది. కొత్తగా కంప్యూటర్ చదువు ముగించిన నాకు అక్కడ పెళ్లి క్యాసెట్లకు పేర్లూ పూలూ అతికించే పని. ఒకే కంప్యూటర్‌కు రెండు వీడియో కార్డులు (క్యాసెట్‌లోని బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చేవి) తగిలించి, ఒకేసారి రెండు పెళ్లిళ్లు నడిపేవాళ్లం. ఏ కార్డులోని బొమ్మ మెమరీలో ఏ చోట కనపడాలో చెప్పేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. అందులో ఆ కోడ్ రెండు కార్డులకూ విడివిడిగా, చిందరవందరగా ఉందని నాకు ఒకటే దురద. ఒక ఎండ పూట రెండింటినీ కలిపి ముచ్చటగా సర్దేశాను. ఒక్కో కార్డునూ విడిగా నడిపి చూశాను. బ్రహ్మాండం!

కొన్నాళ్లకే ఎల్లారెడ్డి అనే ఊరి నుంచి ఒక పెళ్లికూతురి మేనమామ క్యాసెట్ చంకన పెట్టుకుని దిగాడు. "పుస్తె కడుతున్నోడు ఎవడు?" అన్నాడు, కూర్చోకుండానే.

వేసి చూశాం. మంత్రాలు ఎల్లారెడ్డి పెళ్లివే, అయ్యగారు చదివే పేర్లూ వాళ్లవే. తెర మీద మాత్రం ఎవరో మీసాలాయన పుస్తె కడుతున్నాడు. అమ్మాయి తలవంచుకుంది, ముఖం కనపడదు.

"మా అల్లునికి మీసాల్లెవ్వు. అత్తగారోళ్లు పిల్లకు ముందే పెండ్లయిందని ఇంటికి తోలుతమంటున్నరు. గిదేందో తేల్చుండ్రి" అన్నాడాయన.

ఆ మీసాలాయనది రామారెడ్డి ఊళ్లో జరిగిన పెళ్లని, రెండూ ఒకే రోజు నడిపామని బావ గుర్తుపట్టాడు. నేను వీసీఆర్‌ను అనుమానించాను, కరెంటును అనుమానించాను, పక్క వీధి స్టూడియోవాణ్ని కూడా అనుమానించాను. బావ నన్నే చూస్తున్నాడు.

"నువ్వేమన్న కెలికినవా?"

"కెలకలే బావా, సర్దిన, అంతే."

"సర్దుడంటే కెలుకుడే!"

పరీక్షగా ఒక కార్డుకు బావ పెళ్లి క్యాసెట్, రెండో దానికి ఎల్లారెడ్డిది కలిపి నడిపాను. ఎల్లారెడ్డి మంత్రాల మధ్య బావ పుస్తె కడుతూ కనిపించాడు. సరిగ్గా అప్పుడే అక్క చాయ్ తెచ్చింది. "అయ్యగారు చదివే పేరెవలిది?" అంది, గ్లాసులు కింద పెట్టకుండా. (బావకు ఆ పూట చాయ్ దక్కలేదు.)

నా కొత్త కోడ్ రెండు కార్డులకూ మెమరీలో ఒకే చోటు చూపిస్తోంది. అందుకే మాట ఎవరిదైనా బొమ్మ ఒకరిదే. దిద్ది కొత్త క్యాసెట్ ఇస్తే మేనమామ నమ్మలేదు. "గిది ఇప్పుడు తయారు చేసిండ్రేమో!"

చివరికి బావ రామారెడ్డి జంటను బతిమాలి ఎల్లారెడ్డి తీసుకెళ్లాడు. వెనక నేనూ. అమ్మాయి అత్తగారింట్లో ఎవరూ కూర్చోమనలేదు. పెళ్లికూతురు మీసాలాయన్ని ఎగాదిగా చూసి, "గీనెను నేనెన్నడు సూడలే" అంది. ఆయన భార్య ముందుకొచ్చి, "వీడియోల తల వంచుకున్నది నేనే. గా గాజులు నావే, సూడుండ్రి" అని చేతులు చాపింది. అత్తగారు టీవీనీ గాజులనూ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా కోడలి వైపు తిరిగి, "చాయ్ పెట్టు బిడ్డా, అందరికి" అంది. మేనమామ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు నా తల నెరిసింది. రాసిన ప్రతి ముక్కనూ పొద్దంతా అనుమానించనిదే అన్నం సహించదు. చాలా జాగ్రత్తపరుడని పేరు కూడా వచ్చింది. అయినా ఒక్కోసారి, ఈల వేసుకుంటూ ఒక్క పూటలో కెర్నల్‌నే సర్దేసిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త ఈర్ష్య కూడా.