మిరప గోతాల స్టూడియో

వైదేహికి పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో తన భర్త పాఠం చెబుతుండగా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. విన్నదంతా ఊళ్ళోవాళ్ళ నోటే. జగ్గయ్యపేట బజారులో వంకాయలు ఏరుకుంటుంటే ఎవరో ఒకావిడ పలకరించి, "మీరు లెక్కల జయదేవ్ గారి భార్యే గదండీ? మావాడు ఆయన చలవ వల్లే గట్టెక్కాడు" అనేది. వైదేహి నవ్వి ఊరుకునేది. అందర్నీ గట్టెక్కించే ఆ మనిషి తమ ఇంట్లో ఎప్పుడు కనపడతాడా అని మనసులో అనుకునేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జయదేవ్ నందిగామ జూనియర్ కాలేజీలో రచ్చ గెలిచి, ఇంటి సంగతి మరిచిపోయిన రకం. రోజంతా గొంతు అరగదీసుకుని, సాయంత్రం బస్సులో నిలబడి వచ్చేసరికి మాటలన్నీ అయిపోయేవి. ఎప్పుడైనా ఆమె ఆయన కాయితాలు సర్దుతూ "ఈ వంకర్లేంటండీ?" అని అడిగితే "నీకు అర్థం కాదులే" అనేవాడు. కోపంతో అనేవాడు కాదు, పాపం, తలుపు గడియ పెట్టినంత మామూలుగా అనేవాడు. వైదేహి ఇంటర్ లెక్కల్లో తప్పి చదువు ఆపేసిన మనిషి. ఆయన అన్నది నిజమేనని నమ్మి, నొచ్చుకోవడం కూడా మానేసింది.

పోయిన వేసవిలో కాలేజీ యాజమాన్యం మారింది. కొత్తవాళ్ళకు కుర్ర లెక్చరర్లు కావాలట. జయదేవ్‌ను పిలిచి, పూలదండ వేసి, శాలువా కప్పి పంపేశారు. మనిషిని బయటికి సాగనంపడానికి శాలువాను మించిన మర్యాదైన గుడ్డ మనవాళ్ళు ఇంకా కనిపెట్టలేదు. యాభై దాటిన లెక్కల మేష్టారికి చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ చోటు దొరకలేదు. కంచికచర్లలో ఒకరు "చూద్దాంలెండి సార్" అన్నారు. ఆ మాటకు అర్థం లెక్కల మేష్టారికే కాదు, ఎవరికైనా తెలుసు.

అయినా ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వసారాలో కూర్చునేవాడు. నందిగామ బస్సు హారను వినపడగానే కూర్చున్న చోటే కాళ్ళు కదిలేవి. వైదేహి అది చూస్తూనే ఉండేది. తిండి గురించి ఆమెకు దిగుల్లేదు. పాఠం చెప్పకపోతే ఈ మనిషి మిగలడు, అదీ ఆమె భయం.

దసరా వెళ్ళాక హైదరాబాదు నుంచి యశస్విని అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే సంస్థ ఒకటి ఉందట, అందులో టీచర్లను చూసుకునేది ఈ అమ్మాయేనట. "ఇంటర్ బ్యాచ్‌కి మీ పేరు వచ్చింది సార్. ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకోవాలి. ఒక లైవ్ డెమో ఇస్తే మా ప్యానల్ చూస్తుంది. డెమో ఒకటే సార్, రెండో ఛాన్స్ ఉండదు" అంది.

స్టూడియో అనగానే జయదేవ్ నీరుగారిపోయాడు. వైదేహి మాత్రం కొంగు బిగించింది. వెనక గదిలో ఉన్న ఆవకాయ జాడీలను, పాత మంచాన్ని బయటికి నెట్టింది. ట్రైపాడు, రింగ్ లైటు, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు తెప్పించారు. తెల్లబోర్డు ఒకటి పక్కగా నిలబెట్టారు. లైటు వేస్తే మేష్టారి కళ్ళద్దాల్లో రెండు తెల్లటి చక్రాలు తిరుగుతూ, ఏదో పౌరాణికంలో శాపం పెట్టబోయే మునిలా కనపడ్డాడు. వైదేహి లైటును బీరువా మీదకు ఎక్కించాక మళ్ళీ మనిషిలా కనపడ్డాడు. ఇంకా ఒక తంటా మిగిలింది. ఖాళీ గది కాబట్టి మాట నూతిలోంచి వచ్చినట్టు మోగుతోంది. గోడలకు మెత్తటిదేదైనా కట్టమని యశస్విని చెప్పింది.

ఇంటి ఓనరు బసవయ్య కింద వాటాలో ఉంటాడు. మిర్చి రైతు. సంగతి విని, "మెత్తటి గుడ్డలు కొనడమెందుకమ్మాయ్? కొట్టంలో గోతాలు బోలెడున్నయ్. ఉతికించి, రెండెండలు కాయించి పంపిస్తాగా" అన్నాడు. అన్నట్టే పంపాడు. వైదేహి వాటిని పొరలు పొరలుగా కుట్టి మూడు గోడలకూ వేలాడదీసింది. మోత పోయింది. అవి మిరపకాయల గోతాలని ముగ్గురికీ తెలుసు. కానీ ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టి పెరిగిన ముక్కులకు మిరప ఘాటు గాలిలో ఒక భాగం. వేరే ఊరివాడైతే గుమ్మంలోనే పసిగట్టేవాడు. వీళ్ళు హాయిగా ఊపిరి పీల్చి "బాగుంది" అనుకున్నారు.

తీరా రికార్డింగు మొదలుపెడితే మేష్టారు బిగుసుకుపోయాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. ఈయన నందిగామలో పులి, కెమెరా ముందు పిల్లి. నాలుగు వాక్యాలు చెప్పి, అలవాటు కొద్దీ "అర్థమైందా?" అని అడిగి ఆగేవాడు. కాలేజీలో అయితే అరవై గొంతులు "అర్థమైంది సార్" అనేవి. ఇక్కడ ఫోను కన్ను నల్లగా చూస్తుంటే, ఇక ముందుకు నోరు పెగిలేది కాదు.

"నావల్ల కాదు వైదేహీ. గోడకి చెప్పుకుంటున్నట్టుంది" అని మైకు తీసి పడేశాడు ఒకరోజు.

"గోడకెందుకూ, నాకు చెప్పండి" అంది వైదేహి. పీట తెచ్చుకుని ట్రైపాడు వెనక కూర్చుంది.

ఆయన ఆమెవైపు అనుమానంగా చూశాడు. గతిలేక మొదలుపెట్టాడు. "అర్థమైందా?" అన్నప్పుడల్లా ఆమె తల గట్టిగా ఊపి "అర్థమైందండీ" అనేది. క్రమంగా ఆయన చేతులు కదిలాయి, గొంతు విచ్చుకుంది. ఊళ్ళోవాళ్ళు చెప్పిన మనిషి అప్పుడు మొదటిసారి వైదేహికి కనపడ్డాడు. ఎంత ముచ్చటేసిందో! పాఠం మాత్రం ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. భర్త ముందుకు సాగాలి కాబట్టి ఆమె మహారాణిలా కూర్చుని అబద్ధాలాడింది.

డెమో రోజు రానే వచ్చింది. గాలి మోత వినపడకూడదని ఫ్యాను ఆపారు, కిటికీలు బిగించారు, లైట్లు వేశారు. జయదేవ్ దేవుడికి దండం పెట్టుకుని లాప్‌టాప్ మీద వేలు పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే వైదేహి తుమ్మింది. ఒక్క తుమ్ము!

"హబ్బ, ఇప్పుడేనా?" అన్నాడాయన.

"ఇంకోటి వస్తుందేమో చూద్దామండీ" అని ఆమె ముక్కు పైకెత్తి ఎదురుచూసింది. రెండో తుమ్ము వస్తే దోషం లేదు కదా. అది రాలేదు. కాలిక్యులస్ మేష్టారు శకునాలు నమ్మనంటాడు కానీ, వేలు వెనక్కి తీసుకున్నాడు. కాసేపు కూర్చుని, ఇద్దరూ మంచినీళ్ళు తాగి దోషం పోగొట్టుకున్నారు. ఆ తుమ్ము ఎందుకొచ్చిందో గోతాలవైపు చూసి ఆలోచించినవాళ్ళు లేరు.

తెర మీద యశస్విని, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు, కొందరు విద్యార్థులు కనపడ్డారు. జయదేవ్ బాగానే ఎత్తుకున్నాడు. మూసిన గది, లైట్ల వేడి. గోతాల్లో ఎక్కడో దాక్కున్న ఘాటు మెల్లగా మేలుకుంది. మొదట ముక్కు జిలపుట్టింది, తరవాత గొంతు పట్టింది, ఆ తరవాత ఇద్దరి కళ్ళూ ధారలు కట్టాయి. ఆయన రుమాలుతో తుడుచుకుంటూ, గొంతు సవరించుకుంటూ లాగించాడు. బోర్డు మీద ఒక మెట్టు దగ్గర రెండు మైనస్‌లు ఎదురయ్యాయి. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, అది మీకు తెలిసిందేగా. అర్థమైందా?" అని అలవాటుగా కెమెరా పైనుంచి వెనక్కి చూశాడు.

వైదేహి గొంతు పెగల్లేదు. దగ్గును కొంగులో కుక్కుకుంటూ, కారుతున్న కళ్ళతో కూర్చుంది.

క్లాసులో జవాబు రాకపోతే ముందుకు పోవడం ఆ మనిషికి చేతకాదు. ఎదురుగా ఉన్నది భార్య అన్న సంగతి ఆ క్షణాన ఆయన మనసులో లేదు. ఒక పిల్ల అర్థంకాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అంతే. ఒక అడుగు ముందుకేసి, "ఎక్కడ ఆగిపోయావమ్మా?" అని అడిగాడు.

ఆ గొంతులో ఎంత లాలన! పాతికేళ్ళలో ఆ గొంతు ఆమె కోసం ఒక్కసారీ పలకలేదు. అబద్ధం ఆడాలని ఆమెకు గుర్తు రాలేదు.

"మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుద్దండీ?" అంది. మాట మైకులో పడింది, హైదరాబాదు దాకా వినపడింది.

జయదేవ్ ఉలిక్కిపడ్డాడు. తెర మీద ఒక పెద్దమనిషి గడియారం చూసుకుని, "సార్, అది బేసిక్ కదా, టాపిక్‌లోకి వెళ్ళండి" అన్నాడు. మేష్టారి పని అడకత్తెరలో పోకచెక్క అయింది. ఒక పక్క ఉద్యోగం, ఒక పక్క ఆ ప్రశ్న. అది అందరూ ఎక్కాల్లా అప్పజెప్పేదే. ఇన్నేళ్ళలో ఎందుకని అడిగినవాళ్ళు లేరు, ఆయనా చెప్పలేదు. వైదేహి భయంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఒక్క నిమిషం ఇవ్వండి" అన్నాడు జయదేవ్. మార్కర్ పెన్ను కింద పెట్టేశాడు. "అందరూ నన్నే చూడండి. నేను వెనక్కి నడుస్తున్నా. వెనక్కి అంటే మైనస్, అవునా?" అంటూ కెమెరావైపే ముఖం పెట్టి వెనక్కి అడుగులు వేశాడు. ఆ ఊపులో వెళ్ళి వీపుతో గోతాల గోడకు ధనామని గుద్దుకున్నాడు. అంతే, ఎర్రటి దుమ్ము గుప్పున లేచింది. మేష్టారు తుమ్మాడు, వైదేహి తుమ్మింది, మళ్ళీ మేష్టారు తుమ్మాడు. తెర మీద పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఆయన ఆపలేదు. ముక్కు తుడుచుకుంటూనే అడిగాడు. "ఇదంతా రికార్డవుతోంది. ఈ వీడియోని చివర్నుంచి మొదటికి తిప్పారనుకోండి. వెనక్కి తిప్పడం ఇంకో మైనస్. అప్పుడు నేను ఎటు నడుస్తున్నట్టు కనపడతా?"

"ముందుకి!" అని అందరికంటే ముందు అరిచింది ట్రైపాడు వెనకున్న ఆవిడే.

"అదే. వెనక్కి నడిచినవాణ్ణి వెనక్కి తిప్పితే ముందుకే వస్తాడు. రెండు మైనస్‌లు, ఒక ప్లస్. ఇప్పుడు అర్థమైందా?"

"అర్థమైందండీ!" అంది వైదేహి. ఈసారి నిజంగా అర్థమైంది.

కానీ టైము అయిపోయింది. చెప్పవలసిన టాపిక్కు బోర్డు మీద సగంలోనే ఉండిపోయింది. పెద్దమనుషులు "థాంక్యూ సార్" అని వెళ్ళిపోయారు. మొగుడూ పెళ్ళాలు దగ్గుకుంటూ బయటికొచ్చి పడితే, మెట్ల కింద నుంచి బసవయ్య చూసి, "అయ్యో మేష్టారూ, ఉతికించానండీ, ఘాటు చావలేదా ఇంకా?" అని నొచ్చుకున్నాడు.

ఆ రాత్రి వైదేహికి అన్నం సయించలేదు. చేతులారా చెడగొట్టానని ఒకటే కుమిలిపోయింది. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండును.

మర్నాడు యశస్విని ఫోన్ చేసింది. జయదేవ్ స్పీకరు పెట్టాడు. "సారీ సార్. టాపిక్ పూర్తి కాలేదు కదా, ఇంటర్ బ్యాచ్‌కి ప్యానల్ ఒప్పుకోలేదు" అంది. "కానీ సార్, ఆరో తరగతి పిల్లల బ్యాచ్ ఒకటుంది. ఆ మైనస్ ముక్క చూశాక మిమ్మల్ని అడగమన్నారు. మీ స్థాయికి చిన్నదేమో… ఆలోచించుకుని సాయంత్రంలోపు చెప్పండి."

ఫోను పెట్టేశాక ఆయన ముఖం ముడుచుకుపోయింది. ఎంట్రెన్సు ర్యాంకులు తెప్పించిన మనిషి మరి. "చివరికి పిల్లకాయలకి కూడికలు చెప్పుకోమంటున్నారు" అన్నాడు. వెళ్ళి వసారా కుర్చీలో కూలబడ్డాడు.

వైదేహి వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆరో తరగతిలో నేనూ ఇదే అడిగానండీ మా సార్ని" అంది. "అడిగే ముఖం చూడండ్రా అన్నాడు. క్లాసంతా నవ్వారు. ఇంక ఆ తర్వాత ఎవర్నీ ఏదీ అడగలా. ఇంటర్ దాకా బట్టీపట్టా, ఇంటర్లో బోల్తా పడ్డా. నా బుర్ర అంతేననుకున్నా. మీరు అర్థం కాదులే అన్నా, నిజమేలే అనుకున్నా. నిన్న మీరు నాలుగడుగులు వెనక్కేస్తే అర్థమైంది. అప్పుడే ఎవరన్నా అట్లా చెప్పుంటే…"

జయదేవ్ తలెత్తి భార్యను చూశాడు. ఫోను తీసుకున్నాడు.

"యశస్వినీ, సాయంత్రం దాకా ఎందుకమ్మా? ఆరో తరగతి పిల్లల్ని నాకివ్వండి. వాళ్ళే కావాలి నాకు."

ఫోను పక్కన పెట్టి, పక్కనున్న స్టూలు ఆమెవైపు జరిపాడు.

"ఇలా కూర్చో. అడక్కుండా వదిలేసినవి ఇంకా ఏమున్నాయో చెప్పు."

వైదేహి కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చాలా ఉన్నయ్యండీ" అంది.