తాగితేనే మానినట్టు

దొరల గడీలు కూలుతున్న రోజుల్లో మా ఇంట్లో జరిగిన వీరగాథ ఒకటి చెబుతాను. యుద్ధం, ప్రతిజ్ఞ, ఎడబాటు అన్నీ ఉన్నాయి ఇందులో. అబద్ధమెందుకు, అంత లేదు. తుపాకులు పట్టినవాళ్లు గుట్టల్లో ఉన్నారు. మా చిన్నాయన పట్టింది కల్లు ముంత. దాన్నీ వదిలేశాడు.

ఆయన తాగుడు భరించలేక చిన్నమ్మ బిడ్డను చంకనేసుకుని తిరుమలగిరి దగ్గరి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ దెబ్బకు కల్లు, సారా రెండూ మానేశాడు. ఏడాది దాటినా ఊరు మాత్రం మానలేదు. తిన్నగా నడిస్తే "ఇయ్యాల తక్కువ పడ్డది" అనేవారు. చలిజ్వరంతో వణికితే వైద్యుడు నాడి కంటే ముందు నోటి వాసన చూశాడు. అన్నానికి వచ్చిన దళం వాళ్లకు కూడా ఎవరో మా ఇంటి గుర్తు "తాగుబోతోళ్ల ఇల్లు" అనే చెప్పారట. వాళ్లు తిన్నగా మా ఇంటికే వచ్చారు. గుర్తు అంత పక్కాది.

రజాకార్లు పోయి యూనియన్ సైన్యం వచ్చిన కొత్తలో, చిన్నమ్మను తెచ్చుకోవడానికి వాళ్ల ఊళ్లో కులపెద్దలతో పంచాయితీ పెట్టించాం. మా వైపు మనిషిగా నేనూ వెళ్లాను. చిన్నమ్మ బట్టల మూటతో గడప దగ్గర నిలబడింది. ఆ మూట మీంచి చిన్నాయన చూపు తిప్పలేదు. పెద్దలు చాలాసేపు మాట్లాడి తేల్చారు: ఆయన ఇక తాగడు, ఆమె వెళ్తుంది.

తీర్పు కుదిరితే ఇరువైపులవాళ్లూ ఒకే కుండలోని కల్లు తాగాలి. తాగనివాడు ఒప్పుకోనట్టే. అది ఆచారం. నాకు నవ్వొచ్చింది. ఇంకెవరికీ రాలేదు.

పెద్దమనిషి మోదుగాకు దొప్ప నింపి చిన్నాయన చేతికిచ్చాడు.

"పెద్దయ్యా, నేను మానిన గద."

"మానినవనే తీర్పు జెప్పినం. తాగి ఒప్పుకో."

"తాగితె మానినట్టు ఎట్లయితదే?"

"తాగకుంటె ఒప్పుకున్నట్టు ఎట్లయితదిరా?"

చిన్నమ్మ అన్న అందుకున్నాడు. "కుండలు కుండలు ఒంపుకున్నోనివి, గీ దొప్పెడు చేదయిందా బావా? మాటిచ్చుడు ఇష్టం లేదను, గంతె."

"ఇంట్ల సారా దాసుకున్నడేమో. కల్లు యాడ ఆనుతది?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"ఆయన బదులు నేను తాగుత పెద్దయ్యా, కావాలంటె రెండు దొప్పలు," అన్నాను.

"నీ పెండ్లాం పంచాయితీల తాగుదువు తియ్యి. కూసో."

గడప దగ్గర్నుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. "గది మూతికి తగిలితె నేను రాను."

"తాగకుంటె మేం పంపం," అన్నాడు పెద్దమనిషి.

చిన్నాయన చేతిలో దొప్ప వణికింది.

"జూడున్రి, చెయ్యి ఎట్ల గుంజుతాందో!"

అది ఏడుపు ఆపుకునే వణుకని నాకు తెలుసు. తాగుబోతు వైపు సాక్ష్యం ఎవరికి కావాలి? చిన్నాయన దొప్పను మెల్లగా నేల మీద పెట్టాడు. తీర్పు చెల్లదనీ, మళ్లీ కూర్చోవాలనీ పెద్దలు చెప్పారు. చిన్నమ్మ మూట తీసుకుని లోపలికి వెళ్లింది. పెద్దలు కుండ ఖాళీ చేశారు.

మళ్లీ కూర్చునేలోపే నలుగురికి మించి ఎక్కడా గుమిగూడొద్దని మిలిటరీ వాళ్లు డప్పు వేయించారు. మా పంచాయితీకి పెద్దలే ఐదుగురు.