వెనక్కి దిగని రంగు

మొన్న బడులు తెరిచే ముందు మనవడికి చొక్కాలు కొందామని బందరు కోనేరు సెంటరులో ఒక బట్టల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన చొక్కా మడత విప్పి నా ముందు పరిచీ పరచకముందే నేను దాన్ని అందుకుని, కాలరు కింద లోపలివైపు సైజు అంకె అచ్చువేసిన చోటు చూసి, మళ్ళీ బయటికి తిప్పి, వీపు మీద సరిగ్గా అదే చోటుని వెలుతురుకి పట్టి చూశాను. చిరుగులేమీ ఉండవండీ, కొత్త సరుకు, అన్నాడాయన కాస్త నొచ్చుకుంటూ. నేను చూసింది చిరుగుల కోసం కాదని ఆయనకేం చెప్పను? లోపల వేసిన అంకె బయటికి దిగిందా లేదా అని చూశాను. దిగలేదు. బాగుంది, కట్టెయ్యండి అన్నాను గానీ, ఇంటికొచ్చాక ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. మన వయసు వాళ్ళకి ఇదో జబ్బు కదా, ఏ గుడ్డ ముట్టుకున్నా ఎవరో ఒకరు గుర్తొస్తారు.

నాకు గుర్తొచ్చింది మా మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి.

నేను పెడన కోడలిని. మావయ్యగారు కలంకారీ అచ్చుల పనివారు. ఆ పని చూడని వాళ్ళుంటే చెబుతాను, చెక్కిన చెక్క అచ్చుని రంగులో అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో దాని నెత్తిన ఒక్క గుద్దు గుద్దుతారు. బట్టని ముందే కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో తడిపి ఆరబెడతారు కాబట్టి ఆ గుద్దుకి రంగు పోగుపోగులోకీ దిగి వెనకవైపు కూడా కనపడుతుంది. కనపడాలి కూడా. ఆ రోజుల్లో చీర బేరానికి వచ్చిన తెలిసినవాళ్ళు ముందు కొంగు చూసేవారు కాదు, తిరగేసి వెనక చూసేవారు. వెనక్కి దిగని రంగు ఒట్టి పూత, అది రంగే కాదు అనేవారు మావయ్యగారు. ఆయన కుడిచేతి అంచు కాయకాసి చెప్పు అట్టలా ఉండేది. పెళ్ళైన కొత్తలో ఆ గుద్దుల చప్పుడుకి నాకు తలనొప్పి వచ్చేది, తరవాత తరవాత ఆ చప్పుడు ఆగితేనే ఏమైందా అని వంటింట్లోంచి తొంగిచూసేదాన్ని.

తొంభైల్లో మా ఊళ్ళోకి స్క్రీన్లు వచ్చాయి. ఫ్రేముకి బిగించిన సన్నటి జల్లెడ గుడ్డ మీద రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే చాలు, అచ్చులతో రోజంతా చేసే పని పూటలో అయిపోయేది. చీర చవక. తిరగేస్తే తప్ప తేడా తెలియదు, తిరగేసి చూసేవాళ్ళేమో తగ్గిపోయారు. మావయ్యగారికి పని ఆగిపోయింది. పనిమంతుడు ఖాళీగా ఇంట్లో కూర్చుంటే ఆడవాళ్ళకి ఎంత నరకమో పడినవాళ్ళకే తెలుసు. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి దండెం మీద బట్టల మడత దాకా ప్రతిదానికీ ఒక వంక. రెండు మూడుసార్లు నేనూ ఊరుకోలేదు, మాటకి మాట అనేశాను. కానీ ఆయన పోరు నాతో కాదు, ఊరుకున్న ఆ చేత్తోనని లోపల్లోపల తెలుస్తూనే ఉండేది.

అప్పుడే గుడివాడలో మా ఆడపడుచు భర్త, నాకు వరసకి అన్నయ్యగారు, బడిపిల్లల చొక్కాలు కుట్టించే కార్ఖానా పెట్టారు. కాలరు దగ్గర కుట్టే సైజు పీలిక పిల్లల మెడకి గుచ్చుకుంటోందని, పీలిక మానేసి లోపల బట్ట మీదే స్క్రీనుతో అంకె అచ్చు వేయిద్దామని ఆయన ఆలోచన. ఫ్రేములు కట్టడం మా ఆయన నేర్చుకున్నారు, అచ్చు వేయడం మావయ్యగారికి అప్పజెప్పారు. స్క్రీను మాటెత్తితే ముఖం తిప్పుకునే మనిషి, అడిగింది ఇంటల్లుడు కాబట్టి కాదనలేక ఒప్పుకున్నారు.

మొదటి మూట చొక్కాలకి అంకెలు వేసిన రోజు నవ్వొస్తుంది తలుచుకుంటే. మావయ్యగారు అలవాటు కొద్దీ రంగు పల్చగా కలిపి, రబ్బరు పట్టీని బలం కొద్దీ అదిమి లాగి, ఒక్కొక్క చొక్కానీ తిరగేసి చూసి మరీ మడత పెట్టారు. ముప్పైరెండు అంకె వెనక ఎంత చక్కగా దిగిందో చూడమ్మా అని నన్ను పిలిచి చూపించారు కూడా. నేను అంట్ల చేతుల్తో వచ్చి, బాగుందండీ అని వెళ్ళిపోయాను, నా మొహం, నాకేం తెలుసు? ఆ చొక్కాలు అవనిగడ్డ వైపు ఒక బడికి వెళ్ళాయి. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పేర్లు మానేసి, ఒరేయ్ ఇరవై ఎనిమిదీ, ఒరేయ్ ముప్పైరెండూ అని వీపు మీది తిరగబడ్డ అంకె చూసి పిలుచుకున్నారట. మూట మూటంతా తిరిగొచ్చింది. అన్నయ్యగారు స్వయంగా వచ్చారు, పిల్లనిచ్చిన మావగారిని ఒక్క మాట అనలేక, కాఫీ తాగి గ్లాసు నా చేతికిస్తూ, చెల్లెమ్మా, అది దిగకూడదని మావయ్యగారికి నువ్వే ఎలాగో చెప్పాలి, అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళారు.

చెప్పాను. దిగకూడదా? అన్నారు మావయ్యగారు. జీవితమంతా దిగాలి దిగాలి అని గుద్దిన మనిషికి ఆ మాట ఎలా ఉండి ఉంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆ పని ఆయనకి అంత సులువుగా పట్టుబడలేదు. రంగు చిక్కగా కలపమన్నాం, కలిపారు. నలుపు వద్దు బూడిదరంగు వేద్దామన్నాం, సరేనన్నారు. చొక్కా లోపల అట్ట దూర్చి ముందు గుడ్డకి అంటకుండా చూసుకున్నాం. అన్నీ కుదిరినా ఆ చెయ్యి మాత్రం మాట వినేది కాదు. నాలుగు తేలిగ్గా లాగితే అయిదోది అదిమేసేది. విసుగెత్తి ఒకనాడు నేనే, పసిబిడ్డకి కాటుక దిద్దుతున్నాననుకోండి మావయ్యగారూ, అన్నాను. మా అమ్మాయి పొత్తిళ్ళలో ఉన్నప్పుడు దానికి రోజూ కాటుక పెట్టింది ఆయనే. ఆయన చిన్నగా నవ్వి, ఊపిరి బిగబట్టి, పట్టీని అలా తాకించి లాగారు. చొక్కా తిప్పి చూస్తే వీపు తెల్లగా ఉంది. ఆయన ఆ తెల్లటి చోటుని బొటనవేలితో తడుముతూ ఎంతోసేపు అలాగే నిలబడ్డారు. నాకు సంతోషం పట్టలేక లోపలికెళ్ళి పరమాన్నం వండాను.

ఆ తరవాత మళ్ళీ మూట తిరిగి రాలేదు. ఏళ్ళ తరబడి గుడివాడ రైలెక్కి మా ఇంటి అంకెలు వెళ్ళాయి. మా అమ్మాయి చదువూ పెళ్ళీ ఆ అంకెల మీదే గడిచాయి, తిండి పెట్టిన పనిని తిట్టకూడదు. ఇంట్లో పోరు తగ్గింది. ఆయన చేతి మీది కాయ మెల్లమెల్లగా మెత్తబడి, ఒకరోజు చూస్తే లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక కాలం మళ్ళీ తిరగబడింది. హైదరాబాదు నుంచి ఒకావిడ, చేతి అచ్చు చీరలు ఎగ్జిబిషన్లలో పెట్టే ఆవిడ, పాత పనివారెవరున్నారని అడుగుతూ మా గుమ్మంలోకి వచ్చింది. ఒక్క చీర వేసి చూపించండి, నచ్చితే మీకు కడదాకా పని ఇస్తానంది. మావయ్యగారి ముఖం ఆ రోజు చూడాలి! అటక మీది అచ్చులు దింపించి, నూనె పెట్టి, బల్ల మీద గోనెలూ దుప్పట్లూ పరిపించారు. ఇల్లంతా మళ్ళీ కరక్కాయ వాసన. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డారు. నేను వంటింట్లో ఆ చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చున్నాను.

చప్పుడు రాలేదు. వెళ్ళి చూస్తే, ఆయన అచ్చుని బట్ట మీద ఆనించి, అరచేత్తో మెత్తగా అద్ది తీస్తున్నారు, అచ్చం కాటుక దిద్దినట్టు. కొట్టండి మావయ్యగారూ అన్నాను. అప్పుడు గాని ఆయనకీ తెలిసినట్టు లేదు. గట్టిగా ఒకటి కొట్టారు. రెండోది కొట్టారు. మూడోదానికి చెయ్యి మళ్ళీ తేలిపోయింది. చీర పూర్తయ్యేసరికి అంచంతా ఒకచోట ముదురూ ఒకచోట వెలిసినట్టూ వచ్చింది. ఆవిడ వచ్చి చీర తిరగేసి చూసింది. మర్యాదస్తురాలు, కబురు పెడతానని వెళ్ళింది. ఆ కబురు రాలేదు.

చెయ్యి మర్చిపోయిందమ్మా, అన్నారు మావయ్యగారు ఆ సాయంత్రం. నాలుగు రోజులు కొడితే అదే వస్తుంది లెండి అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆయన తలూపి, అచ్చులు ఒక్కొక్కటే తుడిచి పాత పంచెలో మూటకట్టి, మర్నాటి నుంచి మళ్ళీ అంకెలు వేసుకున్నారు. గుడివాడ కార్ఖానాలోకి మిషను వచ్చేదాకా వేస్తూనే ఉన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మూట విప్పలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, మా మావయ్యగారు మానై కూడా వంగారు. వంగిన మాను మళ్ళీ లేచి నిలబడదని మాత్రం మాకెవరూ చెప్పలేదు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు పెడనలో చేతి అచ్చు చీరకి మళ్ళీ మంచి గిరాకీ, కుర్రకారు కూడా నేర్చుకుంటున్నారు, సంతోషం. చొక్కాలకి అంకెలేమో ఎవరి చెయ్యీ తగలకుండానే పడుతున్నాయి, వెనక చుక్కైనా దిగదు. ఆవిడ తీసుకెళ్ళని చీర నా బీరువాలోనే ఉంది. మొన్న మనవడి చొక్కా మడతపెట్టి దాన్ని కూడా తీసి చూశాను. ముందువైపు మామిడిపిందెలు, వెనకవైపు చాలాచోట్ల ఒట్టి తెలుపు. ఆ రోజు ఆయన చొక్కా వీపు తడుముతూ అంతసేపు నిలబడితే, పని పట్టుబడిందని మురిసిపోతున్నారనుకుని నేను పరమాన్నానికి పాలు పొయ్యి మీద పెట్టాను.