అమ్మ మోకాళ్లూ, కారు స్ప్రింగులూ

ఎత్తుగా ఉండే మా కారు కాస్త కిందికి ఉంటే అందంగా కనిపిస్తుందని, ఈ రోజు శంషాబాద్‌లో మా ఇంటి ముందే జాకీ పెట్టి, పాత స్ప్రింగులు విప్పి పొట్టివి బిగించాను. తుప్పు పట్టిన నట్లతో పొద్దంతా సరిపోయింది.

సాయంత్రం దవాఖానకు బయల్దేరితే, రోజూ నా భుజం పట్టుకుని ఎక్కే అమ్మ తనంతట తానే కూర్చుంది. పక్కింటి షాహీన్ అక్కను పిలిచింది.

“చూసినవా, నా మోకాళ్లు నొస్తున్నయని కొడుకు కారునే కిందికి దించిండు.”

“మంచిగ చేసినవ్ తమ్ముడూ,” అంది షాహీన్ అక్క.

నేను నవ్వి కారు స్టార్ట్ చేశాను. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు అడుగు గీసుకుంది. ఇప్పుడు అమ్మ పిన్నికి ఫోన్ చేసి, తన మోకాళ్ల కోసమే కారు దించానని చెబుతోంది. అసలు సంగతి చెప్పమంటారా, ఇలాగే ఉండనివ్వమంటారా?